నూనె డబ్బాకు ప్లాన్ అప్రూవల్

మా కమిషనరు గారు మూడు రోజుల శిక్షణకు రాజధానికి వెళ్లి వచ్చారు. శిక్షణకు వెళ్లిన అధికారి వట్టి చేతులతో రాడు. ఒక జనపనార సంచీ, ఒక ఫోల్డరు, ఒక కొత్త మాట తెచ్చుకుంటాడు. సంచీ ఇంటికి పోతుంది, ఫోల్డరు బీరువాలోకి పోతుంది, మాట మాత్రం మా నెత్తిన పడుతుంది. అంతకుముందు ఏడాది తెచ్చిన మాట ‘చిరునవ్వు పరిపాలన’. దాని ప్రకారం కుళాయి రావడం లేదని ఏడ్చేవాళ్ల ముందు ఆరు నెలల పాటు మేము నవ్వాము. ఇద్దరు ఉద్యోగులు దెబ్బలు తిన్నాక ఆ పథకం విజయవంతంగా ముగిసింది. ఈసారి ఆయన తెచ్చింది ‘ప్రాణిమిత్ర పట్టణం’.

నా పేరు గౌరీశు. మా పురపాలక సంఘంలో టౌన్ ప్లానింగ్ విభాగం సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. నిబంధన అంటే నాకు భయం కాదు, భక్తి. గుళ్లో ప్రదక్షిణ చేసేటప్పుడు కూడా ఎడమ పక్కనే నడిచే మనిషిని. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఈ కథలో జరిగిన తప్పంతా నాదే.

“పట్టణాభివృద్ధి అనగా మానవ కేంద్రిత అభివృద్ధి మాత్రమే కాదు,” అన్నారు కమిషనరు ముకుందరావు గారు సిబ్బంది సమావేశంలో. “సకల ప్రాణి సమ్మిళిత అభివృద్ధి. ఈ విషయమై రాష్ట్రంలోని పట్టణాలకు ర్యాంకులు ఇవ్వనున్నారు. మనం మొదటి అయిదింటిలో ఉండవలెను.”

“వీధి కుక్కల సంగతేటండీ?” అని శానిటరీ ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఆయన పిక్కకు కట్టు ఉంది.

“కుక్కలు రెండో దశ,” అన్నారు కమిషనరు గారు. “మొదటి దశలో గృహాంతర లఘు ప్రాణులు.”

అంటే కరవని ప్రాణులన్నమాట. ఇళ్లలో పెంచుకునే చిలకలు, కుందేళ్లు, చేపలు, ఎలకలు ఏ బోనులో ఉన్నా సరే, ఆ బోనుకు పురపాలక సంఘం అనుమతి తీసుకోవాలి. ఉత్తర్వు రాసే పని నాకు ఒప్పగించారు. మూడు పేజీలు రాశాను. ఆరో క్లాజు కింద కార్యాలయంలో ప్రాణిహింస నిషేధించాము. దాని ఫలితంగా ఫైళ్లు అతికించే మైదా జిగురులో పురుగు పట్టకుండా కలిపే విషం, మైలుతుత్తం కూడా ఆపించి, పాత ఫైళ్లకు తుత్తం లేని జిగురుతో కొత్త అట్టలు వేయించాము. తొమ్మిదో క్లాజు మాత్రం నా సొంత కవిత్వం. “ముప్పది దినములలోగా అనుమతి పొందని యెడల సదరు ప్రాణిని స్వాధీనపరచుకొని, దాని సహజ ఆవాసమునందు వెంటనే విడిచిపెట్టవలెను.” కమిషనరు గారు చదివి, “బాగుందయ్యా,” అన్నారు. ఆ రోజు నేను నడిచి ఇంటికి వెళ్లినట్టు గుర్తులేదు, కాళ్లు నేల మీద ఆనితే కదా.

ఉత్తర్వు వచ్చిన పదిహేను రోజులకు మాకు వచ్చిన దరఖాస్తులు సున్నా. జనం చిలక పంజరాల మీద దుప్పట్లు కప్పేశారు. కుందేళ్లను అత్తవారి ఊళ్లకు పంపేశారు. బస్టాండు దగ్గర చిలక జోస్యుడు తన చిలక చేత చీటీ తీయించి చూసుకుని, ఆ మధ్యాహ్నమే పక్క ఊరి బస్సెక్కాడు. కమిషనరు గారి ముఖం వాడిపోయింది. ఒక్క దరఖాస్తయినా లేకపోతే ర్యాంకుల పట్టికలో గడి ఖాళీగా ఉంటుందట. ఖాళీ గడిని మించిన అవమానం ప్రభుత్వంలో లేదు.

అప్పుడు నాకు మా అక్క గుర్తొచ్చింది.

మా అక్క పైడమ్మ కోమటి వీధిలో ఒక్క గదిలో ఉంటుంది. ఆ గదే ఇల్లు, ఆ గదే టైలరింగు షాపు. బావ పోయి ఏడేళ్లయింది. పిల్లలు లేరు. మిషను చప్పుడు తప్ప ఆ ఇంట్లో ఇంకో చప్పుడు ఉండేది కాదు. ఎదురింట్లో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగులు బదిలీ మీద వెళుతూ, తమ పిల్లలు పెంచుకుంటున్న చిన్న ప్రాణిని చెప్పుల డబ్బాలో పెట్టి అక్కకు ఇచ్చి పోయారు. దాన్ని హామ్‌స్టర్ అంటారట. చూడ్డానికి ఎలకే, కానీ తోక ఉందో లేదో వెతుక్కోవాలి. గోధుమ రంగు, బూరె బుగ్గలు, నల్లటి కళ్లు. ఆ కళ్లు చూసి అక్క దానికి ‘గుండీ’ అని పేరు పెట్టింది.

గుండీకి బోను కూడా అక్కే చేసింది. పదిహేను కిలోల నూనె డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, ఒక పక్క రేకు కత్తిరించి, పాత గోధుమపిండి జల్లెడ బిగించింది. రేకు అంచులు దాని పాదాలకు గీసుకోకుండా చుట్టూ గుడ్డ పైపింగు కుట్టింది. లోపల అడ్డంగా చెక్క స్కేలు పెట్టి మేడ చేసింది. మేడ ఎక్కడానికి ఇంకో స్కేలు ముక్క, జారకుండా దానికి దారం చుట్లు. పడుకోవడానికి కొబ్బరి చిప్ప. కింద పరచడానికి సన్నగా కత్తిరించిన కాగితం. పచ్చడి డబ్బా మూతలు రెండు తీసుకుని, మధ్యలో ఐస్‌క్రీం పుల్లలు అతికించి, మిషను దారం చుట్టే అరిగిపోయిన బాబిన్ ఇరుసుగా పెట్టి ఒక చక్రం చేసింది. తలుపుకు గొళ్లెం లేదు, బట్టల క్లిప్పు. మొత్తం మీద కొన్నది నలభై రూపాయల తీగ ఒక్కటే.

అన్నిటికన్నా వింత ఆ చక్రం. గుండీ పగలంతా చిప్పలో నిద్రపోతుంది. కానీ అక్క మిషను తొక్కడం మొదలుపెట్టిందా, ఎంత నిద్రలో ఉన్నా లేచి వచ్చి చక్రమెక్కి పరుగు మొదలుపెడుతుంది. అక్క ఆపితే అదీ ఆపుతుంది. ఇద్దరూ కలిసి రోజుకు ఆరు జాకెట్లు కుట్టేవారు.

“అక్కా, ఒక్క దరఖాస్తు పెట్టు,” అన్నాను. “మనమే ముందు ఆదర్శంగా ఉండకపోతే ఎలా?”

“నూనె డబ్బాకి దరకాస్తేట్రా? నీ బుర్ర గాని తిరిగిందేటి?”

“రెండు రోజుల్లో అయిపోతుంది. నా సెక్షన్లో నా చేతి మీదే కదా.”

“నీ సేతి మీదే కదా అనే బయ్యం,” అంది అక్క. అయినా సంతకం పెట్టింది. నేనడిగిన చోట మా అక్క ఎప్పుడూ సంతకం పెడుతుంది. నా చదువు కోసం తన గొలుసు కుదువ పెట్టినప్పుడూ అంతే.

ఊళ్లో వెయ్యి పంజరాలుంటే దరఖాస్తు పెట్టింది మా అక్క ఒక్కతే. అందువల్ల వెయ్యి పంజరాల మీద చూపించాల్సిన శ్రద్ధంతా పురపాలక సంఘం ఆ ఒక్క నూనె డబ్బా మీద చూపించింది.

మొదటి చిక్కు ప్రొఫార్మా. బోనులకు వేరే ప్రొఫార్మా ఇంకా తయారు కాలేదు. కాబట్టి ఇళ్ల ప్లాన్ అప్రూవల్ ప్రొఫార్మానే వాడమన్నారు. కాగితం మీదయితే ‘ఇల్లు’ కొట్టేసి ‘బోను’ అని రాసేవాణ్ణి. కంప్యూటర్లో కొట్టివేతలు ఉండవు. దాంతో మా అక్క నూనె డబ్బా ఆ క్షణం నుంచి రికార్డుల్లో ఇల్లయింది. లోపల చెక్క స్కేలు ఉంది కనుక మేడ ఇల్లయింది.

తనిఖీకి టౌన్ ప్లానింగ్ అధికారి హైమావతి గారు టేపు పట్టుకుని స్వయంగా వచ్చారు. ఆవిడ పనిలో నిక్కచ్చి మనిషి. మోకాళ్ల మీద కూచుని డబ్బా చుట్టూ కొలిచారు.

“ముందు వైపు ఖాళీ స్థలం వదల్లేదు,” అన్నారు.

“ముందు మిషనుందమ్మా,” అంది అక్క.

“మిషను ఆక్రమణ కిందికి వస్తుంది. నాలుగు వైపులా మీటరు వదలాలి. మెట్లకు చేతిపట్టు లేదు. రెండో అంతస్తుకు అత్యవసర ద్వారం లేదు. వాన నీటికి ఇంకుడు గుంత ఏదీ?”

“ఇంట్లో వానేటమ్మా?”

“వాన ఎక్కడ పడాలన్నది మా పరిధి కాదు. గుంత ఎక్కడుండాలన్నది మా పరిధి,” అన్నారు హైమావతి గారు. తరవాత చక్రాన్ని వేలితో ఒకసారి తిప్పి చూశారు. “ఇది వాహనమా?”

“కాదు మేడమ్, వ్యాయామం,” అన్నాను.

“చక్రం ఉంది. ప్రయాణిస్తున్నాడు. పార్కింగ్ స్థలం చూపించాలి.” రాసుకున్నారు. ఆఖరికి డబ్బా వెనక పక్క అంటుకుని ఉన్న పాత నూనె కంపెనీ లేబులు చూశారు. “ఇది మొదట వాణిజ్య వినియోగం. నివాస వినియోగానికి మార్చినట్టు అనుమతి ఉందా?”

ఆ ఇన్‌స్పెక్షను నోటు పదకొండు అభ్యంతరాలతో వచ్చింది. టైపు చేసింది నేనే. ఒక్క తప్పు లేకుండా చేశాను.

అక్క నవ్వింది మొదట. చీర ఫాల్ ముక్కతో మెట్లకు చేతిపట్టు కుట్టింది. మందుల సీసా మూత నేలలో దింపి ఇంకుడు గుంత చేసింది. అగ్గిపెట్టె ఒకటి పక్కన పెట్టి పార్కింగ్ అంది. కానీ నాలుగు వైపులా మీటరు వదలాలంటే ఆ గదిలో ఇంక మనిషికి చోటు లేదు. మిషను అరుగు మీదికి పోయింది. తరవాత బట్టల మూటలు పోయాయి. మంచం నిలబెట్టేసింది. గది మధ్యలో నూనె డబ్బా, గుమ్మం దగ్గర చాప మీద మా అక్క. అరుగు మీద మిషను తొక్కితే చప్పుడు సరిగా వినపడక గుండీ చక్రమెక్కడం మానేసింది.

“ఒరే, అది బెంగెట్టుకుంది,” అంది అక్క. అప్పుడు నవ్వలేదు.

అంతా చేసినా ఒకటి మిగిలిపోయింది. నివాస గది కనీస విస్తీర్ణం తొమ్మిదిన్నర చదరపు మీటర్లుండాలట. మా అక్క గదే అంత లేదు. ఆ నిబంధన ప్రకారం గుండీ ఉండదగిన ఇళ్లు కోమటి వీధిలో మూడే ఉన్నాయి, వాటిలో రెండు కోర్టు తగాదాల్లో ఉన్నాయి.

ముప్పయ్యో రోజు రానే వచ్చింది. తొమ్మిదో క్లాజు వర్తించింది.

కమిషనరు గారి గదిలో సమావేశం. విషయం: సదరు ప్రాణి సహజ ఆవాసమును నిర్ణయించుట. పశువుల డాక్టరు గారు ఫోన్లో చూసి, ఈ జాతి అసలు పుట్టిల్లు సిరియా దేశపు ఎడారి అన్నారు.

“అది మన పరిధి బయటిది,” అన్నారు కమిషనరు గారు. “పురపాలక సంఘం సరిహద్దుల లోపల ఎలుక జాతి సహజంగా ఎక్కడ నివసిస్తున్నది? ఆధారాలతో చెప్పవలెను.”

ఆధారాలు నా దగ్గరే ఉన్నాయి. కిందటేడు మేము ఎలకల బోనులు కొన్న ఫైలు తీశాను. కొన్నది కార్యాలయపు రికార్డు గది కోసం. అంటే ఎలకలు సహజంగా నివసించే చోటు రికార్డు గది అని ప్రభుత్వ రికార్డుల్లోనే ఉంది. దీన్ని కాదనడానికి ఎవరి దగ్గరా కాగితం లేదు.

పంచనామా రాసి, ఇద్దరు సాక్షులతో కోమటి వీధికి వెళ్లాం. బోను తీసుకెళ్లడానికి వీల్లేదు, అది అనుమతి లేని కట్టడం. గుండీని ఒక టపా కవర్లో వేసుకోమన్నారు. అక్క అడ్డం రాలేదు, తిట్టలేదు. దోసిట్లోకి తీసుకుని, నా చేతిలో పెట్టి, “దానికి వేరుశనగ్గింజలంటే ఇష్టం, వొలిచి పెట్టండి,” అంది. తరవాత అరుగు మీదికి వెళ్లి మిషనుకు మూత వేసేసింది. మధ్యాహ్నం మూడు గంటలకు మా అక్క మిషనుకు మూత వేయడం నేనెన్నడూ చూడలేదు. కవరు లోపల ఆ చిన్న గుండె కొట్టుకోవడం నా అరచేతికి తెలుస్తూనే ఉంది. నాకు సిగ్గేసింది. అయినా నడిచాను.

రికార్డు గదికి రెండు తాళాలు, పైన లక్క సీలు. గుండీని లోపల వదిలి తలుపు వేశాం. సాక్షులు సంతకాలు చేశారు. ‘ప్రాణి సంతోషముతో వెళ్లినది’ అని పంచనామాలో రాయమన్నారు, రాశాను.

ఆ నెల్లాళ్లూ అక్క నాతో మాట్లాడలేదు. నా చొక్కా రెండో గుండీ ఊడిపోయింది. అక్క ముందు నుంచే రెండుసార్లు నడిచాను, చూసి తల తిప్పుకుంది. నేను వేరుశనగ్గింజలు పట్టుకుని, రికార్డు అసిస్టెంటు లోకనాథాన్ని బతిమాలి ఒకసారి ఆ గదిలోకి వెళ్లాను కూడా. అన్నింటికన్నా పై అర మీద నుంచి గుండీ నన్ను చూసింది. గింజలు చూసింది. మళ్లీ నన్ను చూసి ఫైళ్ల వెనక్కి వెళ్లిపోయింది. అక్క పోలికే.

ఇక్కడ మా కార్యాలయపు పద్ధతి ఒకటి చెప్పాలి. మనుషులు కూచోవడానికి చోటు చాలక మా పెండింగు ఫైళ్లు కూడా రికార్డు గదిలోనే ఉంటాయి. నెలాఖరుకు వాటిని లెక్కపెడతారు. కిందటి నెల ఉన్నవాటిలోంచి ఈ నెల ఉన్నవాటిని తీసేస్తే, మిగిలిన సంఖ్య పరిష్కారమైన ఫైళ్లు. ఏళ్ల తరబడి ఇదే తీసివేత. ఎప్పుడూ నాలుగో అయిదో వచ్చేది.

ఆ నెల నూట యాభై రెండు వచ్చింది.

లోకనాథం మూడుసార్లు లెక్కపెట్టాడు. కమిషనరు గారు రెండుసార్లు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ అంకె రాజధానికి వెళ్లింది. ‘సత్వర పరిష్కారం’లో రాష్ట్రానికే మొదటి స్థానం మాది అని ఫోనొచ్చింది. సిబ్బందికి జిలేబీ పంచారు. గదిలో కనిపించని ఫైళ్ల పేర్లు రిజిస్టరులోంచి ఎత్తి రాస్తే పరిష్కృత ఫైళ్ల జాబితా ఎనిమిది పేజీలయింది. కమిషనరు గారు జిలేబీ తింటూ ప్రతి పేజీ కిందా సంతకం చేశారు.

కారణం నాకు మర్నాడు తెలిసింది. ఊరి ఎలకలకు మైలుతుత్తం భయం తాతల నాటిది, జిగురు వేసిన కాగితం జోలికి పోవు. గుండీకి ఆ భయం తెలియదు. పైగా తుత్తం మేమే ఆపేశాం. తుత్తం లేని కమ్మటి మైదా జిగురు, దాని కింద కరకరలాడే కాగితం. గదిలో ఓ మూల తురిమిన కాగితంతో మోకాలెత్తు గూడు లేచింది. నేను పరుగెత్తి వెళ్లి కమిషనరు గారితో నిజం చెప్పాను. ఇక ఆ ప్రాణిని వదిలేస్తారని నా ఆశ.

ఆయన జాబితాను ఒకసారి తిరగేశారు. తరవాత ఆయన ముఖం మీద శిక్షణ నాటి వెలుగు వచ్చింది.

“గౌరీశు గారూ, ప్రాణి పరిపాలనలో పాలుపంచుకొనుటకు మించిన సమ్మిళితం ఏమున్నది? మనం పదేళ్లుగా తేల్చలేనివి తేల్చినది. ఈ సంగతి బయటికి పొక్కరాదు. ప్రాణి మాత్రం ఎక్కడికీ పోరాదు.”

“మా అక్క బెంగ పెట్టుకుందండీ.”

“ప్రజా ప్రయోజనం ముందు వ్యక్తిగత బెంగ నిలువదు,” అన్నారు ఆయన. ఆ రోజే రికార్డు గదికి మూడో తాళం వేయించారు. వచ్చే సోమవారం ర్యాంకుల కమిటీ వస్తోంది. సహజ ఆవాసంలో ప్రాణి ఎంత ఆనందంగా ఉందో తలుపు సందులోంచి వాళ్లకు చూపించాలని ఆయన పథకం.

నేను సాయంత్రం కోమటి వీధికి వెళ్లి, అరుగు కింద నిలబడి, జరిగినదంతా అక్కకు చెప్పాను. ఆఫీసు రహస్యం బయటపెట్టడం ఇరవై ఆరేళ్లలో అదే మొదలు. అక్క తల ఎత్తలేదు. “ఆ గదీ, జనాలు అర్జీలిచ్చే హాలూ పక్కపక్కనేటి?” అని మాత్రం అడిగింది.

“ఒకటే గోడ. తలుపు కింద రెండు వేళ్ల సందుంది,” అన్నాను.

సోమవారం అర్జీల రోజు. హాలు నిండా జనం. వేదిక మీద కమిషనరు గారు, ఆయన పక్కన రాజధాని నుంచి వచ్చిన కమిటీ సభ్యులిద్దరు, మెడలో దండలు. నా బల్ల ఓ పక్కన. వరసలో పదిహేడో టోకెను మా అక్క. ఒక చంకన తొక్కుడు స్టాండు నుంచి విప్పి చేతిపిడి బిగించిన తన మిషను, ఇంకో చేతిలో గుడ్డ కప్పిన నూనె డబ్బా.

“అర్జీ ఏదమ్మా?” అన్నారు కమిషనరు గారు.

“కుడతన్నాను, ఉండండి,” అంది అక్క.

మిషను బల్ల మీద పెట్టింది. డబ్బా నేల మీద పెట్టి బట్టల క్లిప్పు తీసేసింది. సంచీలోంచి పాత జాకెట్టు ముక్క తీసి సూది కింద పెట్టి, చక్రం తిప్పడం మొదలుపెట్టింది. టకటకటకటక. వెనక వరసల వాళ్లు లేచి నిలబడి చూశారు. ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నెల్లాళ్లయింది, మరిచిపోయి ఉంటుందేమో అనుకున్నాను. అంత మేత, అంత పెద్ద గూడు ఉన్నది ఎందుకొస్తుంది?

అక్క ఆపలేదు. ఒక కుట్టు అయింది, రెండోది మొదలుపెట్టింది. కుట్టు వంకరపోతోంది. మా అక్క కుట్టు వంకరపోవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

అప్పుడు రికార్డు గది తలుపు కింద ఒక గోధుమ రంగు మూతి కనిపించింది.

గుండీ బాగా ఒళ్లు చేసింది. నడుము దగ్గర కాస్త ఇరుక్కుంది. వెనక కాళ్లతో తన్నుకుని బయటపడింది. బుగ్గల్లో ఇంకా ఏదో ఫైలు ఉంది. హాలు మధ్యలోంచి, జనం కాళ్ల సందుల్లోంచి, ఎటూ చూడకుండా తిన్నగా నడిచి వచ్చి, డబ్బాలోకి దూరి, దారం చుట్టిన స్కేలు మీదుగా మేడెక్కి దిగి, చక్రమెక్కి పరుగు మొదలుపెట్టింది.

“ఓలమ్మో, ఇంటికొచ్చీసింది!” అంది వరసలో ఓ ముసలావిడ. హాలంతా చప్పట్లు కొట్టింది. అక్క మిషను తిప్పుతూనే ఏడ్చింది. బావ పోయినప్పుడు కూడా నలుగురిలో ఏడవని మనిషి. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

కమిషనరు గారు లేచి నిలబడ్డారు. “ఆగండి. అది అనుమతి లేని ఆవాసం. ప్రాణి తిరిగి దాని సహజ ఆవాసంలోకి వెళ్లవలెను.”

అక్క కళ్లు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది. “బాబూ, మీ గదికి మూడు తాళాలు, లక్క సీలు. నా డబ్బాకి బట్టల క్లిప్పు, అదీ తీసీసున్నాను. ఏది దానిల్లో మీరే రాసుకోండి.”

“నిబంధన నిబంధనే. గౌరీశు గారూ, ఆ ఫైలు తెండి. తొమ్మిదో క్లాజు.”

అందరూ నా వైపు చూశారు. నేను లేచాను. నా చొక్కాకు రెండో గుండీ లేదన్న సంగతి ఆ క్షణంలో ఎందుకో బాగా గుర్తుంది.

“ఆ ఫైలు పరిష్కారమైపోయిందండీ,” అన్నాను.

“ఎవరు పరిష్కరించారు?”

“తమరేనండీ. జాబితాలో నూట ముప్పై ఏడో నంబరు. తమరి సంతకం ఉంది.”

జాబితా ఆయన ముందే ఉంది, కమిటీకి చూపించడానికి పట్టుగుడ్డ అట్ట వేయించి పెట్టారు. తిరగేశారు. నూట ముప్పై ఏడు: ‘గుండీ అను లఘు ప్రాణి, నూనె డబ్బా, నివాస అనుమతి. పరిష్కృతం.’ ఆయన నోరు తెరిచారు. అది పరిష్కారం కాలేదు, ఎలక తిన్నది అనాలి. అది అంటే మిగతా నూట యాభై ఒకటీ ఏమయ్యాయని కమిటీ అడుగుతుంది. ఆయన జాబితా మూసేశారు.

“మరి మూల ఉత్తర్వు ఉంటుంది కదా?” అన్నాడు కమిటీ సభ్యుడొకాయన, పెన్ను పట్టుకుని.

“అదీ పరిష్కారమేనండీ,” అన్నాను. “నూట ముప్పై ఎనిమిది.”

కమిషనరు గారు మెల్లగా కూచున్నారు. “పదిహేడో అర్జీ సానుకూలంగా పరిష్కరించడమైనది,” అన్నారు. కమిటీ వాళ్లు అది రాసుకుని, చప్పట్లు కొట్టారు. ప్రాణిమిత్ర ర్యాంకుల్లో మాకు రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చిన ఊళ్లో ఏ ప్రాణి ఎంత కష్టపడిందో నాకు తెలియదు.

ఆఫీసు మెట్ల మీద అక్క ఆగింది. డబ్బా నా చేతికిచ్చి, మిషను తను చంకనెత్తుకుంది.

“ఒరే, ఆ సొక్కా ఇప్పి ఇయ్యి సాయంత్రం. నెల్లాళ్ల నించీ అలగే తిరగతన్నావు, సిగ్గు నేదేటి?”

ఇంటికెళ్లి మిషనును మళ్లీ గదిలోకి చేర్చాం. ఇంకుడు గుంతలోని సీసా మూత తీసి, గుండీకి నీళ్లు పెట్టింది అక్క.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ గుండీ వెళ్లిపోయాక ఆ నెల తీసివేతలో మళ్లీ నాలుగే వచ్చింది. రాజధాని నుంచి ఫోనొచ్చింది. పదిహేను రోజులకు కమిషనరు గారి సంతకంతో ఒక నోటీసు తయారైంది. “శ్రీ గుండీ, ముందస్తు అనుమతి లేకుండా విధి స్థానమును విడిచి వెళ్లినందున, ఏడు దినములలోగా లిఖితపూర్వక సంజాయిషీ సమర్పించవలెను.” ఆ ఊళ్లో గుండీ చిరునామా తెలిసిన ఉద్యోగిని నేనే కనుక, అందజేసే పనీ నాకే వచ్చింది.

అక్క చదవలేదు. కాగితాన్ని వేళ్ల మధ్య రుద్ది చూసింది, జాకెట్టు గుడ్డ చూసినట్టు.

“మంచి కాయితంరా. మెత్తగుంది.”

కత్తెర తీసుకుని సన్నటి పేలికలుగా కత్తిరించి, డబ్బాలో కొబ్బరి చిప్ప చుట్టూ పరిచింది. గుండీ లేచి వచ్చి, వాసన చూసి, ముందుగా జిగురు అంటించిన మూల తినేసింది. మిగతాది నోట కరుచుకుని పక్క సర్దుకుంది.

నోటీసు అందజేసినట్టు ఆఫీసులో నేను రాసి ఇవ్వాలి. నిబంధన. మర్నాడు పదిన్నరకు నా బల్ల దగ్గర కూచుని, కొత్త గుండీ కుట్టిన చొక్కా సర్దుకుని, ఒక్క తప్పు లేకుండా రాశాను: “సదరు నోటీసు పరిష్కృతమైనది.”